కడుపులో పుండ్లు పడిన గుర్రప్పిల్ల: మేత, మందు, సంరక్షణ

గుర్రం కడుపులో ఆమ్లం రేయింబవళ్లు ఊరుతూనే ఉంటుంది, లోపల మేత ఉన్నా లేకపోయినా. రోజులో పదహారు గంటల దాకా కొద్దికొద్దిగా మేస్తూ తిరిగే జంతువుకు ఆ ఏర్పాటు సరిగ్గా సరిపోతుంది. నమిలిన ప్రతి ముద్దతో పాటు లాలాజలం కడుపులోకి దిగి ఆమ్లం ఘాటును విరుస్తుంది. కాకపోతే మేత చూడగానే మనలాగా దానికి నోరూరదు. దవడ ఆడితేనే లాలాజలం. పొద్దున ఇంత దాణా, సాయంత్రం ఇంత దాణా పెట్టి, మధ్యలో తొట్టి ఖాళీగా ఉంచితే ఆ ఆమ్లం కడుపు గోడ మీదే పనిచేస్తుంది.

ఆమ్లం ఊరడాన్ని తగ్గించే మందు ఒమెప్రజోల్ పుండును మాన్పగలదు. పుండుకు కారణమైన ఖాళీ తొట్టిని మాత్రం అది నింపలేదు. అందుకే మందు వాడినంతకాలం బాగుండి, ఆపిన నెలకే మళ్లీ మొదటికొచ్చే గుర్రాలు అంత ఎక్కువ. ఎదిగే పిల్లతో ఇంకో ముడి కూడా ఉంది. ఎముకా కండా పెరగాలంటే గట్టి పోషణ కావాలి, ఆ పోషణను గింజల రూపంలో ఇస్తే పుండు ముదురుతుంది. పాలు మాన్పినప్పటి నుంచి మూడేళ్ల వయసు దాకా ఉన్న పిల్లల విషయంలో ఆ ముడి ఎలా విప్పాలో కింద వరసగా ఉంది. పాలు తాగే పిల్లల సంగతి వేరు కాబట్టి దాన్ని విడిగా ఇచ్చాం.

పుండు ఎక్కడుంది?

గుర్రం కడుపు లోపలి గోడ రెండు రకాలు. పై భాగం తెల్లగా, చర్మంలా ఉంటుంది. దానికి జిగురు పొర రక్షణ లేదు. కింది భాగం ఎర్రగా ఉంటుంది. ఆమ్లం ఊరేది అక్కడే, దాన్ని కాచుకునే జిగురు పొర ఉండేదీ అక్కడే. పై భాగంలో పుండ్లు ప్రధానంగా మేత లేని గంటలు, ఎక్కువ గింజలు, పరుగు వల్ల వస్తాయి. గుర్రం వేగంగా కదిలేటప్పుడు పొట్ట కండరాలు బిగుసుకుని కడుపును నొక్కుతాయి, ఆమ్లం పైకి ఎగజిమ్ముతుంది. కింది భాగంలో, ముఖ్యంగా పేగులోకి దారి తీసే చోట, వచ్చే పుండ్ల తీరు వేరు. జిగురు పొర దెబ్బతినడం, ఒత్తిడి, ఫినైల్‌బ్యుటజోన్ లాంటి నొప్పి మందులు వాటికి దారి తీస్తాయి. అవి మానడానికి ఎక్కువ కాలం పడుతుంది. మేత మార్పుతో బాగా తేరుకునేవి పై పుండ్లు. కింది వాటికి మందూ విశ్రాంతీ ముందు.

ఎక్కడుందో తేల్చేది ఒక్క గ్యాస్ట్రోస్కోపీయే. ముక్కు గుండా సుమారు మూడు మీటర్ల గొట్టం పంపి పశువైద్యుడు లోపలి గోడ చూస్తారు. దీనికి పన్నెండు నుంచి పదహారు గంటలు మేత ఆపాలి, చివరి కొన్ని గంటలు నీళ్లు కూడా. పై పుండ్లకు 0 నుంచి 4 వరకు స్థాయి ఇస్తారు. లద్దెలో రక్తం ఉందా అని చేసే పరీక్షను నమ్ముకోవద్దు. కడుపులో కారిన కాస్త రక్తం అన్ని మీటర్ల పేగు దాటి బయటికొచ్చేసరికి ఆనవాలు మిగలదు.

స్కోప్ చేయించక ముందు అనుమానం కలిగించే గుర్తులు ఇవి: దాణా సగంలో వదిలి గడ్డి వైపు పోవడం, తిన్న కాసేపటికే ముందుకాలితో నేల గీరడం లేదా పక్కల్లోకి చూసుకోవడం, పళ్లు కొరకడం, ఊరికే ఆవలించడం, జీను పట్టీ బిగించగానే చెవులు వెనక్కి వాల్చడం, బొచ్చు మెరుపు తగ్గడం, తోటి పిల్లలతో పోలిస్తే ఎదుగుదల వెనకబడటం. వీటిలో ఏ ఒక్కటీ పుండుకే ప్రత్యేకం కాదు. పొట్టలో పురుగులున్నా, పాలపళ్లు ఊడుతున్నా ఇలాగే కనిపిస్తుంది. కాబట్టి లద్దెలో పురుగు గుడ్ల లెక్క, నోటి పరీక్ష కూడా అదే సారి చేయించండి.

మొదటి మెట్టు: బరువు తెలుసుకోండి

మేత లెక్కా మందు లెక్కా బరువు మీదే నడుస్తాయి. కంటి అంచనా ఎదిగే పిల్ల విషయంలో బాగా తప్పుతుంది. తూకం లేకపోతే టేపు చాలు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం ముందు మొన నుంచి పిరుదు వెనక మొన దాకా పొడవు, రెండూ సెంటీమీటర్లలో కొలవండి. చుట్టుకొలతను దానితోనే గుణించి, వచ్చినదాన్ని పొడవుతో గుణించి, పెద్ద గుర్రానికైతే 11,880తో, ఏడాది పిల్లకు సుమారు 10,900తో, కొత్తగా పాలు మాన్పిన పిల్లకు సుమారు 10,100తో భాగిస్తే కిలోలు వస్తాయి. ఉదాహరణకు చుట్టుకొలత 150, పొడవు 145 ఉన్న ఏడాది పిల్ల దాదాపు 300 కిలోలు. కింది లెక్కలన్నీ ఈ 300 కిలోల పిల్లకే.

వారానికోసారి అదే రోజు, అదే వేళకు, ఒకే మనిషి కొలవాలి. చెయ్యి మారితే కొలత మారుతుంది. పెద్దయ్యాక 500 కిలోలు తూగే జాతి పిల్ల ఏడాది వయసులో రోజుకు 450 గ్రాముల దాకా పెరుగుతుంది. పుండ్లున్నప్పుడు అంతకన్నా కాస్త తక్కువ పెరిగినా కంగారు అక్కర్లేదు. రెండు వారాలు వరసగా బరువు కదలకపోతేనే మేత మార్చాలి.

రెండో మెట్టు: గడ్డి

ఈ మార్గదర్శిలో ఒక్క మెట్టే పాటించగలిగితే ఇదే పాటించండి. బరువులో కనీసం 1.5 శాతం, మెరుగ్గా 2 శాతం, ఎండు పదార్థం లెక్కన గడ్డి పడాలి. 300 కిలోల పిల్లకు 2 శాతమంటే 6 కిలోలు. ఎండుగడ్డిలోనూ పదో వంతు తేమ ఉంటుంది కాబట్టి తూకంలో అది 6.7 కిలోలు. ఇది కనీసం మాత్రమే. తినగలిగితే ఇంకా పెట్టండి.

ఎంత పెట్టామన్నది ఒక లెక్క, ఎన్ని గంటలకు సాగిందన్నది అంతకన్నా పెద్ద లెక్క. కిలో ఎండుగడ్డి నమలడానికి గుర్రానికి దాదాపు నలభై నిమిషాలు పడుతుంది, కిలో దాణాకు పది నిమిషాలే. దాణా పెంచి గడ్డి తగ్గిస్తే కడుపు నిండినట్టే కనిపిస్తుంది గానీ లాలాజలం మాత్రం పడిపోతుంది. గడ్డికీ గడ్డికీ మధ్య ఆరు గంటలు దాటితే పుండు ప్రమాదం గట్టిగా పెరుగుతుంది. పగలు నాలుగు గంటలకు మించి తొట్టి ఖాళీగా ఉండనివ్వకండి. మూడు నాలుగు సెంటీమీటర్ల కన్నులున్న వలలో గడ్డి పెడితే అదే కిలో చాలాసేపు వస్తుంది. పిల్లలు కాళ్లు పైకెత్తి ఆడతాయి. ఖాళీ అయి జారిన వలలో గిట్ట ఇరుక్కోకుండా, వల ఖాళీ అయినా అడుగు ఛాతీ కంటే కిందికి దిగనంత ఎత్తులో కట్టండి, లేదా కన్నుల మూత ఉన్న గడ్డిపెట్టె వాడండి.

గడ్డిలో అయిదో వంతు దాకా లూసర్న్ (అల్ఫాల్ఫా అనే పప్పుజాతి మేత) ఉండటం మంచిది. అందులోని కాల్షియం, మాంసకృత్తులు ఆమ్లాన్ని పట్టుకుంటాయి, పెరిగే పిల్లకు కావలసినవీ అవే. అయితే పొడవు కాడల లూసర్నే పెట్టండి. సన్నగా తరిగిన లూసర్న్ ముక్కల గరుకు అంచులు, కొత్తగా పాలు మాన్పిన పిల్లల్లో పేగు దారి దగ్గరి గోడను మరింత గాయపరిచినట్టు తేలింది. కింది భాగంలో పుండ్లున్న పిల్లకు తరుగు బదులు పొడవు కాడలు గానీ, నీళ్లలో బాగా నానబెట్టిన గుళికలు గానీ ఇవ్వాలి.

గింజలు నూర్చాక మిగిలే పంటకాడలు మాత్రమే మేతగా పెట్టొద్దు. ఆమ్లాన్ని విరిచే గుణం వాటిలో తక్కువ, పోషణా తక్కువ. లాయంలో పరుపుగా వేసినా ఆకలితో ఉన్న పిల్ల వాటినే నములుతుంది.

పచ్చిక మీద వదలడం మంచిదే. అయితే పచ్చిక మీద ఉన్నంత మాత్రాన పుండ్లు రావన్న హామీ లేదు. గడ్డి పలచబడిన బీడులో పొద్దంతా తిరిగిన పిల్ల కూడా ఖాళీ కడుపుతోనే ఉంటుంది.

మూడో మెట్టు: దాణాలో పిండిపదార్థానికి హద్దు

గింజల్లోని పిండిపదార్థాన్ని కడుపులోని సూక్ష్మజీవులు పులియబెడతాయి. అప్పుడు పుట్టే ఆమ్లాలు పై భాగపు గోడలోకి ఇంకి కణాలను చంపుతాయి. హద్దు ఇది: ఒక్క పూటకు కిలో బరువుకు 1 గ్రాము పిండిపదార్థం, రోజు మొత్తానికి 2 గ్రాములు. 300 కిలోల పిల్లకు పూటకు 300 గ్రాములు, రోజుకు 600.

ఓట్స్‌లో పిండిపదార్థం సుమారు 40 నుంచి 45 శాతం. కాబట్టి పూటకు 700 గ్రాములు దాటకూడదు. బార్లీ అయితే 550 గ్రాములు, మొక్కజొన్న అయితే 430. ఇవి పై హద్దులు, పెట్టమని చెప్పే మోతాదులు కావు. పుండ్లు మానే దాకా మొక్కజొన్న పూర్తిగా మానేయడం మా సలహా. ఉడికించనిదైతే చిన్నపేగులో సరిగా అరగక పెద్దపేగులోనూ చిక్కు తెస్తుంది.

మరి ఎదుగుదలకు శక్తి ఎక్కడి నుంచి? మూడు చోట్ల నుంచి. ఒకటి, నానబెట్టిన బీట్ గుజ్జు, అంటే చక్కెర తీశాక మిగిలే బీట్ దుంప పిప్పి. బెల్లం పాకం కలపనిది కొనండి. పీచు ఎక్కువ, పిండిపదార్థం దాదాపు లేదు. తురుము అయితే నాలుగు రెట్ల నీళ్లలో రెండు మూడు గంటలు, గుళికలైతే అయిదారు రెట్ల చన్నీళ్లలో పన్నెండు గంటలు నానాలి. వేడి వాతావరణంలో నానిన గుజ్జు త్వరగా పులుస్తుంది కాబట్టి ఏ పూటకు ఆ పూట నానబెట్టుకోండి. పులిసిన వాసన వస్తే పారబోయండి. రెండోది, పిండిపదార్థం తక్కువగా, మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న బ్యాలెన్సర్ గుళికలు (విటమిన్లు, ఖనిజాలు కలిపిన దాణా). మూడోది నూనె.

మొక్కజొన్న నూనె చిన్న మోతాదులో, రోజుకు 45 మి.లీ. ఇచ్చినా పొట్టి జాతి (పోనీ) గుర్రాల్లో ఆమ్లం ఊరడం కొంత తగ్గింది. శక్తి కోసం ఇచ్చేటప్పుడు 300 కిలోల పిల్లకు 100 మి.లీ. దాకా వెళ్లొచ్చు. రోజుకు 20 మి.లీ.తో మొదలుపెట్టి రెండు వారాల్లో అక్కడికి చేరండి. ఒక్కసారిగా పోస్తే లద్దె జిడ్డుగా, పలచగా అవుతుంది, పిల్ల తొట్టి వాసన చూసి వెళ్లిపోతుంది. నూనె పెంచినప్పుడు విటమిన్ ఇ కూడా పెరగాలి. ప్రతి 100 మి.లీ.కు 100 నుంచి 150 యూనిట్లు కలపండి.

గోధుమ తవుడు తడిపి పెడితే కడుపుకు మెత్తగా ఉంటుందని చాలామంది నమ్ముతారు. ఎదిగే పిల్లకు అది పనికిరాదు. తవుడులో భాస్వరం కాల్షియం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పిల్ల మొత్తం మేతలో ఒక పాలు భాస్వరానికి 1.5 నుంచి 2 పాళ్లు కాల్షియం ఉండాలి. తవుడు ఆ లెక్కను తిరగేసి ఎముకను బలహీనపరుస్తుంది.

ఏ కొత్త దాణా అయినా పది నుంచి పద్నాలుగు రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చండి. గింజలు తగ్గించడం మాత్రం ఆ రోజే మొదలుపెట్టొచ్చు.

నాలుగో మెట్టు: మందు సరిగ్గా పడేలా చూడటం

మందు, మోతాదు పశువైద్యుడే నిర్ణయించాలి. మామూలుగా ఒమెప్రజోల్ కిలో బరువుకు 4 మి.గ్రా. చొప్పున రోజుకొకసారి 28 రోజులు ఇస్తారు. 300 కిలోలకు 1,200 మి.గ్రా. నాలుగు వారాల వయసు దాటిన పిల్లలకే ఈ మోతాదు. కింది భాగపు పుండ్లకు దీంతో పాటు సుక్రాల్ఫేట్ కిలోకు 12 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు చేరుస్తారు. అది పుండు మీద పూతలా అతుక్కుంటుంది.

మందు పనిచేయలేదన్న చోట ఎక్కువగా కనిపించే తప్పులు ఇవి.

మేతతో కలిపి ఇవ్వడం. కడుపు నిండా గడ్డి ఉంటే ఒమెప్రజోల్ ఒంటికి సరిగా పట్టదు. తెల్లవారుజామున, ఆ రోజు మొదటి మేతకు ముప్పై నుంచి అరవై నిమిషాల ముందు ఇవ్వాలి. మరి తొట్టి ఖాళీగా ఉంచొద్దని చెప్పి ఖాళీ కడుపున మందంటే ఎలా? గుర్రం సహజంగానే అర్ధరాత్రి దాటాక మేత తగ్గించి కునుకు తీస్తుంది. రాత్రి చివరి వల అర్ధరాత్రి దాటాక అయిపోయేలా తూచి కడితే, తెల్లారేసరికి మందుకు కావలసిన ఖాళీ దానంతటదే దొరుకుతుంది. దాని కోసం రాత్రి మేత ముందే ఆపేయొద్దు.

రక్షణ పూత లేని పొడి వాడటం. ఒమెప్రజోల్‌ను కడుపు ఆమ్లమే పాడు చేస్తుంది. గుర్రాల కోసం చేసిన పేస్ట్‌లోనో గుళికలోనో దాన్ని కాచే ఏర్పాటు ఉంటుంది. ఆ గుళికలను నూరితే ఆ ఏర్పాటు పోతుంది.

సగం బయటికి ఉమ్మేయనివ్వడం. ముందు నోరు ఖాళీగా ఉందో లేదో చూడండి, గడ్డి ముద్ద ఉంటే పేస్ట్ దానితో పాటే రాలిపోతుంది. సిరంజి రింగును పిల్ల బరువు అంకె దగ్గర బిగించి, పళ్లు లేని సందులోంచి లోపలికి పోనిచ్చి, నాలుక వెనక భాగం మీద వదలండి. మింగేదాకా తల కొంచెం పైకెత్తి పట్టుకోవాలి.

సుక్రాల్ఫేట్‌ను ఇతర మందులతో కలిపేయడం. అది మిగతా మందులను పట్టేసి ఒంటికి అందనివ్వదు. ఒమెప్రజోల్ ఇచ్చి గంట గడిచాక ఇవ్వండి.

పదో రోజుకే పిల్ల హుషారుగా తింటుంది. అది చూసి మందు ఆపకండి. నొప్పి తగ్గడానికీ పుండు మానడానికీ మధ్య వారాలు ఉంటాయి. 28 రోజులకు మళ్లీ స్కోప్ చేయించి, మానిందని తేలాకే తగ్గించాలి. ఒక్కసారిగా ఆపితే ఆమ్లం ముందుకన్నా ఎక్కువగా ఊరే అవకాశం ఉంది, అందుకే చాలామంది వైద్యులు మోతాదును కిలోకు 2, ఆపై 1 మి.గ్రా.కు దించుతూ ఆపిస్తారు. ఆ దించే రోజుల్లో దాణా మార్చడం, శిక్షణ పెంచడం, ప్రయాణం చేయించడం పెట్టుకోవద్దు. మందు నెలల తరబడి సాగితే కాల్షియం అరుగుదల తగ్గుతుంది. పెరిగే ఎముకకు అది చిన్న విషయం కాదు, వైద్యునితో తప్పక మాట్లాడండి.

నొప్పి మందులు మీ అంతట మీరు ఇవ్వకండి. కాలు బెణికిందని ఇచ్చిన ఫినైల్‌బ్యుటజోన్ కడుపు గోడను కాచే పదార్థాల తయారీని ఆపేస్తుంది. దానికి తోడుగా ఒమెప్రజోల్ ఇస్తే సరిపోతుందనుకోవడమూ తప్పే, ఆ రెండూ కలిసినప్పుడు పేగుల్లో ఇబ్బందులు వస్తాయి.

300 కిలోల పిల్లకు ఒక రోజు

తెల్లవారు 5:30: ఒమెప్రజోల్. నీళ్లు ఎప్పటిలాగే అందుబాటులో.
6:30: లూసర్న్ 400 గ్రాములు, ఎండుగడ్డి 1 కిలో.
7:30: బ్యాలెన్సర్ 350 గ్రాములు, బీట్ గుజ్జు 400 గ్రాములు (పొడి తూకం, నానబెట్టినది), నూనె 50 మి.లీ.
11:00: లూసర్న్ 400 గ్రాములు, ఎండుగడ్డి 1 కిలో.
మధ్యాహ్నం 3:00: ఎండుగడ్డి 1 కిలో, వలలో.
సాయంత్రం 6:30: లూసర్న్ 400 గ్రాములు, ఎండుగడ్డి 1 కిలో. అరగంటకు పొద్దుటి దాణాయే మళ్లీ.
రాత్రి 9:30: ఎండుగడ్డి 1.5 కిలోలు, సన్న కన్నుల వలలో.

దాణా ప్రతిసారీ గడ్డి తర్వాతే. ముందు పడ్డ గడ్డి కడుపులో చాపలా పరుచుకుని దాణాను నెమ్మదిగా కదలనిస్తుంది. రెండు వారాలు వరసగా బరువు పెరగకపోతే ముందు గడ్డి పెంచండి. అప్పటికీ కదలకపోతే పూటకు 250 గ్రాముల ఓట్స్ చేర్చండి. పిండిపదార్థం పూటకు 110 గ్రాముల దగ్గరే ఉంటుంది. బ్యాలెన్సర్‌లో ఉన్నది కలిపినా హద్దుకు దూరమే.

స్కోప్‌కు ముందు తప్ప నీళ్లు ఒక్క పూట కూడా ఆపొద్దు. విడతలుగా మాత్రమే నీళ్లు దొరికే గుర్రాలకు పుండ్లు ఎక్కువ. ఎలక్ట్రొలైట్లు (చెమటతో పోయే లవణాలు) చిక్కటి పేస్ట్‌గా నోట్లో పెడితే పుండు మీద ఉప్పు రాసినట్టే. దాణాలో బాగా కలిపి ఇవ్వండి, పక్కనే మంచినీళ్లు ఉంచండి.

పని, తోడు, పాలు మాన్పడం

మందు మొదలైన మొదటి వారాల్లో వేగపు పరుగు వద్దు. నడక, పచ్చిక మీద స్వేచ్ఛగా తిరగడం చాలు. తర్వాత కూడా పని చేయించడానికి అరగంట ముందు అర కిలో లూసర్న్ తప్పనిసరి. ఖాళీ కడుపుతో పరిగెత్తితే పొట్ట తేలిగ్గా ఉంటుందన్న పాత అలవాటు పందెపు గుర్రాలకు చేసిన నష్టం చాలా పెద్దది. కింది భాగపు పుండ్లున్న పిల్లకు వారంలో కనీసం రెండు రోజులు పూర్తి విశ్రాంతి ఉండాలి.

ఒంటరితనం కడుపు మీద పనిచేస్తుంది. కంటికి కనిపించేలా, వీలైతే ముక్కు తగిలేలా మరో గుర్రం ఉండాలి. తోడు తరచూ మార్చకండి. పాలు మాన్పడం, కొత్త లాయం, కొత్త దాణా, టీకా, లాడం పని ఒకే వారంలో పెట్టుకుంటే ఆరోగ్యమైన పిల్లకే పుండు పడుతుంది. పాలు మాన్పే ముందు నెల రోజులు పిల్లకు ఆ తర్వాత పెట్టబోయే మేతే అలవాటు చేయండి. మందలో ఉంటే ఒకేసారి అన్ని తల్లులనూ తీసేయకుండా, కొన్ని రోజులకొకటి చొప్పున తప్పించండి. పిల్లలు తెలిసిన చోటే, తెలిసిన తోడుతోనే మిగలాలి.

పాలు తాగే పిల్లల్లో

మొదటి వారంలో పిల్ల గంటకు అయిదారుసార్లు పొదుగు పట్టుకుంటుంది, ఆ పాలే దానికి రక్షణ. రెండు గుటకలు తాగి వదిలేయడం, పళ్లు కొరకడం, నోటి వెంట చొంగ కారడం, వెల్లకిలా పడుకుని అలాగే ఉండిపోవడం, విరేచనాలు: వీటిలో రెండు కలిసి కనిపిస్తే ఆ పూటే వైద్యుణ్ని పిలవాలి. తల్లి పొదుగు బిగుసుకుని పాలు కారుతుంటే పిల్ల తాగడం లేదని అర్థం. తాగిన పాలు ముక్కు వెంట తిరిగి వస్తుంటే పేగు మొదలు ఇరుకై ఉండొచ్చు. దానికి ఇంటి వైద్యం లేదు. ముందు జాగ్రత్త పేరుతో నవజాత పిల్లకు ఆమ్లం తగ్గించే మందులు ఇవ్వకండి. కడుపు ఆమ్లం మేతతో వచ్చే సూక్ష్మజీవులను అడ్డుకునే కాపలా. దాన్ని తీసేస్తే విరేచనాలు పట్టుకునే అవకాశం పెరుగుతుంది.

వెంటనే పిలవాల్సిన గుర్తులు

పిల్ల ఆరోగ్యంగా ఉన్నప్పుడే నాడి లెక్క రాసి పెట్టుకోండి, వయసును బట్టి అది మారుతుంది. విశ్రాంతిలో ఉండగా ఆ లెక్క సగం పైగా పెరిగితే, పొర్లాడుతూ ఆగకపోతే, చిగుళ్లు ముదురు ఎరుపుకో నీలానికో తిరిగితే, జ్వరంతో పొట్ట బిగుసుకుంటే అది పుండు చిల్లు పడిన గుర్తు కావచ్చు. వైద్యుడు వచ్చేదాకా మేత, దాణా, నోటి మందులు అన్నీ ఆపండి. నొప్పి మందు ఏదైనా ఇచ్చి ఉంటే దాని పేరు, మోతాదు, ఇచ్చిన సమయం కాగితం మీద రాసి చేతికివ్వండి.